పిండైతే అరుగుదల

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి మా ఆవిడది, ఇంకా అప్పు తీరనిది. రెండోది నాది, 2007 హోండా అకార్డ్. పదకొండేళ్ళ క్రితం సెకండ్‌హాండులో కొన్నాను. అప్పట్నుంచి ఎండనక మంచనక నన్ను ఆఫీసుకి మోస్తూనే ఉంది. ఇప్పటికి 1,38,000 మైళ్ళు తిరిగింది. మన లెక్కలో రెండు లక్షల ఇరవై వేల కిలోమీటర్ల పైమాటే. ఒక రకంగా ఇది మా ఊరి బండి. హోండావాళ్ళు 1982 నవంబరులో అకార్డులు చెయ్యడం మొదలుపెట్టిన మేరీస్‌విల్, ఒహాయోలో మా ఇంటికి అరగంట దూరం.

ఈ వేసవిలో దానికో కొత్త జబ్బు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర ఆగి బయల్దేరాక, రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు ఒక్క క్షణం గడగడమని వణికేది. గతుకుల రోడ్డు మీద రిక్షా ఎక్కినట్టు. తర్వాత ఏమీ ఎరగనట్టు మామూలుగా పోయేది. నేనొక్కణ్ణే అయితే రేడియో సౌండు పెంచుకుని సర్దుకుపోయేవాణ్ణి. కానీ వచ్చే ఆగస్టులో మా అమ్మాయి సిన్సినాటిలో కాలేజీకి వెళ్తోంది. ఈ బండి తనకిస్తానని ఎప్పుడో మాటిచ్చేశాను. వంద మైళ్ళు, అదీ ఐ-71 మీద, లారీల మధ్య. "దారిలో ఆగిపోతే?" అని మా ఆవిడ రోజూ అడుగుతోంది.

రెండు గరాజులకి తీసుకెళ్ళాను. మొదటాయన ట్రాన్స్‌మిషన్ నూనె పాడైపోయిందని, మిషను పెట్టి మొత్తం తోడేసి కొత్తది నింపాలని, 230 డాలర్లవుతుందని అన్నాడు. రెండో ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "ఇన్నేళ్ళు మార్చని నూనె ఇప్పుడు మారిస్తే ఉన్న పట్టు కూడా పోతుంది. నడిచినన్నాళ్ళు నడపండి. పోయాక గేర్‌బాక్సు విప్పి బాగుచేయడానికి 3,400 అవుతుంది" అన్నాడు. ఒక డాక్టరు ఆపరేషన్ చెయ్యకపోతే పోతాడంటాడు, ఇంకో డాక్టరు చేస్తే పోతాడంటాడు. మధ్యలో రోగిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చేశాను.

అప్పటికి మా మావయ్యగారు మా దగ్గరకొచ్చి రెండు నెలలైంది.

ఆయనకి 71 ఏళ్ళు. తెనాలి ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేరి, ముప్ఫయ్యొక్క ఏళ్ళు బస్సుల కింద పడుకుని, లీడింగ్ హ్యాండ్‌గా రిటైరయ్యారు. కిందటి చలికాలంలో అత్తయ్యగారు పోయారు. మా ఆవిడ ఒక్కతే కూతురు. ఏడాది తిరగకముందే పట్టుబట్టి నాన్నగారిని తీసుకొచ్చేసింది. ఇక వెనక్కి పంపేది లేదని తన నిర్ణయం. గ్రీన్‌కార్డు కాగితాలు తెచ్చి, తను పూర్తి చెయ్యాల్సినవి పూర్తి చేసి, ఆయన సంతకం పెట్టాల్సిన చోట్ల పసుపుపచ్చ కాగితం ముక్కలు అంటించి, డైనింగ్ టేబుల్ చివర ఫైల్లో పెట్టింది. తెనాలిలో ఇల్లు అమ్మేసే ప్రయత్నం కూడా ఫోను మీదే మొదలైంది.

ఆయన కాదనలేదు. అవుననీ అనలేదు. వచ్చిన మొదటి వారంలోనే మా ఇంట్లో కిర్రుమనే తలుపన్నది లేకుండా చేశారు. రెండో వారంలో వంటింటి అలమర్ల బందులు బిగించారు. మూడో వారంలో పక్కింటి అమెరికన్ ముసలాయన గడ్డి కోసే మిషను బాగుచేశారు. ఇద్దరికీ ఒక్క భాష కలవదు, అయినా గంటసేపు మాట్లాడుకున్నారు. తర్వాత బాగుచెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే కాఫీ తాగి కిటికీ దగ్గర కూచునేవారు. అరచేతుల్ని ఒకదాంతో ఒకటి రుద్దుకుంటూ, కాటన్ వేస్టుతో గ్రీజు తుడుచుకుంటున్నట్టు. ఆ అలవాటు అత్తయ్యగారుండగా కూడా ఉండేదో లేదో నేను గమనించలేదు.

ఒక శనివారం ఆయన్ని నా కార్లో గుడికి తీసుకెళ్తున్నాను. సిగ్నల్ దాటాక బండి ఎప్పట్లాగే వణికింది. కిటికీలోంచి చూస్తున్నాయన చప్పున ఇటు తిరిగారు.

"క్లచ్ పట్టు తప్పుతోందండీ అల్లుడుగారూ."

"దీనికి క్లచ్ ఉండదు మావయ్యగారూ. ఆటోమాటిక్."

"క్లచ్ లేకుండా గేరెలా మారుతుంది?"

నోరు తెరిచి మూసుకున్నాను. ఈ దేశంలో ఇరవై ఏడేళ్ళుగా ఆటోమాటిక్ నడుపుతున్నాను. డి లో పెట్టి తొక్కితే పోతుందన్నది తప్ప లోపలేం జరుగుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. "కనుక్కుని చెప్తానండీ" అన్నాను, హోంవర్కు చెయ్యని పిల్లాడిలాగా.

ఆ రాత్రి కూచుని చదివాను. చదివినకొద్దీ సరదా పుట్టింది.

మామూలు గేరు బండిలో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. కాలితో తొక్కి ఆ రెంటినీ విడదీస్తాం, గేరు మార్చి మళ్ళీ కలుపుతాం. ఆటోమాటిక్‌లో ఆ స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒక్కదానికే స్విచ్చి వేస్తే, దాని గాలికి రెండోది కూడా నెమ్మదిగా తిరుగుతుంది కదా. ఇదీ అదే. కాకపోతే మధ్యలో గాలికి బదులు నూనె. ఇంజను ఒక రెక్కల చక్రాన్ని తిప్పుతుంది, అది నూనెని విసురుతుంది, ఆ నూనె ఎదుటి చక్రాన్ని తోస్తుంది. బండి సిగ్నల్ దగ్గర ఆగినా ఇంజను ఆగకపోవడానికి కారణం ఇదే.

అక్కడితో ఆ నూనె పని అయిపోలేదు. పంపు దాన్ని ఒత్తిడితో సన్నటి దారుల్లోకి పంపిస్తే, ఆ ఒత్తిడే ఏ గేరు ఎప్పుడు పడాలో ఆ గేరుని పట్టిస్తుంది. లోపలి పళ్ళచక్రాలు అరగకుండా కాపాడేది అదే. వేడిని మోసుకెళ్ళి కూలరులో వదిలేది కూడా అదే. మొత్తం నాలుగు పనులు చేస్తుంది. అలాంటిదాన్ని నేను పదకొండేళ్ళుగా పట్టించుకోలేదు.

ఈ ఏర్పాటు మనం అనుకునేదానికన్నా పాతది. జనరల్ మోటార్స్‌వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లలో హైడ్రా-మాటిక్ పేరుతో పెట్టారు. పెద్దఎత్తున తయారైన మొదటి పూర్తి ఆటోమాటిక్ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో తేలిక రకం ట్యాంకుల్లో కూడా దాన్నే వాడారు. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. 1970ల మొదట్లో అమెరికా నిషేధించేదాకా ఈ నూనెలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారట. క్లచ్చులు జారిపోకుండా, కుదుపు లేకుండా పట్టుకోవడానికి అంతకన్నా మంచి సరుకు దొరకలేదు. తర్వాత రసాయనాలతో అలాంటి గుణం తెప్పించుకున్నారు. ఎర్రరంగు మాత్రం మనకోసం కలిపేదే. బండి కింద మరక కనిపిస్తే అది ఇంజను ఆయిలా, గేర్‌బాక్సు నూనా తేలిగ్గా తెలియడానికి.

మావయ్యగారికి పనికొచ్చే విషయం అర్ధరాత్రి దాటాక దొరికింది. చాలా కంపెనీల ఆటోమాటిక్ గేర్‌బాక్సుల్లో గ్రహాల్లాగా ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే పళ్ళచక్రాలుంటాయి. హోండావాళ్ళు ఆ దారిన పోలేదు. 1968లో ఎన్360 అనే బుల్లికారు నుంచీ చాలా ఏళ్ళపాటు సొంత పద్ధతి పట్టుకున్నారు. మామూలు గేరు బండిలో లాగే పక్కపక్కన షాఫ్టులు, వాటి మీద ఎప్పుడూ కలిసే ఉండే పళ్ళచక్రాలు, ఏ గేరుకా గేరుకి నూనె ఒత్తిడితో పనిచేసే ఒక చిన్న క్లచ్.

పొద్దున కాఫీతో పాటు ఐప్యాడ్‌లో ఆ బొమ్మ చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని, వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి, చాలాసేపు చూశారు.

"మెయిన్ షాఫ్టు... కౌంటర్ షాఫ్టు... ఇది మన గేర్‌బాక్సేనండీ! గేరుకొక క్లచ్ పెట్టాడు. అంతే." ఒక్క నిమిషం ఆగి, "లేదన్నారుగా క్లచ్!" అన్నారు.

ఆయన నవ్వడం ఆ రెండు నెలల్లో నేను చూడలేదు.

"దీన్లో నూనె ఎప్పుడు మార్చారు?" అని అడిగారు.

"నేను కొన్నాక మార్చలేదండీ."

కళ్ళు మూసుకున్నారు. బస్సుకి అన్యాయం చేసిన డ్రైవరు పేరు విన్నట్టు.

ఇద్దరు మెకానిక్కులు చెప్పింది ఆయనకి చెప్పాను. ఇద్దర్నీ కొట్టిపారెయ్యలేదు. "ఆయన చెప్పిందీ నిజమే, ఈయన చెప్పిందీ నిజమే. మిషను పెట్టి కడిగితే ఎక్కడో అడుగున పేరుకున్న మడ్డి కదిలి సన్నదారుల్లో అడ్డం పడొచ్చు. మార్చకుండా ఉంచితే ఎలాగూ పోతుంది. ప్లగ్గు విప్పితే ఎంత దిగుతుంది?"

ఓనర్స్ మాన్యువల్ చూసి లెక్క వేశాం. ఈ బండిలో ప్లగ్గు విప్పితే కారేది సుమారు రెండున్నర క్వార్టులు. క్వార్టంటే లీటరుకి కాస్త తక్కువ. మొత్తం పట్టేది ఏడు క్వార్టులకి దగ్గర. మిగతాది టార్క్ కన్వర్టరులోనూ, సందుగొందుల్లోనూ ఉండిపోతుంది, దిగమన్నా దిగదు. అంటే ఒకసారి మారిస్తే పాతనూనె నూటికి 64 పాళ్ళు లోపలే ఉంటుంది. కొన్నాళ్ళు తిప్పి రెండోసారి మారిస్తే 41 పాళ్ళు. మూడోసారికి 27. హోండా బళ్ళు ఇంట్లో బాగుచేసుకునేవాళ్ళు చాలామంది చేసేది ఇదే, మూడు విడతలు.

"మంచిది. కొత్తది కొంచెం కొంచెం కలుస్తుంది. పెరుగు తోడు పెట్టినట్టు" అన్నారు మావయ్యగారు.

నూనె కోసం డీలరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎర్రగా ఉన్న ప్రతి సీసా మన బండికి పనికిరాదు. ఏ నూనె పొయ్యాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదే పొయ్యాలి. ఈ బండి వచ్చినప్పుడు హోండావాళ్ళది జెడ్1 అనే నూనె, ఇప్పుడు దాని స్థానంలో డీడబ్ల్యూ-1 ఇస్తున్నారు. క్వార్టు పది డాలర్లకి అటూ ఇటూ. మూడు విడతలకీ కలిపి తొమ్మిది సీసాలు, ప్లగ్గుకి మూడు కొత్త వాషర్లు తీసుకున్నాం. ఆ వాషరు మెత్తటి లోహంతో చేసింది. బిగించినప్పుడు నలిగి సందు మూస్తుంది, అందుకే ఒకసారి వాడింది మళ్ళీ వాడకూడదు. మావయ్యగారు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, డిపోలో రాగి వాషర్లని ఎర్రగా కాల్చి మళ్ళీ వాడేవాళ్ళమని చెప్పారు. ధర విన్నాక ఇంకోసారి చెప్పారు.

సెప్టెంబరు మొదటి ఆదివారం పని పెట్టుకున్నాం. గరాజు ముందు చదునుగా ఉన్న చోట బండి నిలిపాను. ఇంజను పది నిమిషాలు నడిపి ఆపాం. నూనె గోరువెచ్చగా ఉంటే తేలిగ్గా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. వెనక చక్రాలకి చెక్కదిమ్మలు అడ్డం పెట్టారు మావయ్యగారు. నేను జాకీతో ముందుభాగం ఎత్తి, వెంటనే కిందికి దూరబోయాను. కాలర్ పట్టుకుని వెనక్కి లాగారు. అల్లుడి కాలర్ పట్టుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారయ్యుండాలి. వదిలేసి, కాస్త ఇబ్బందిపడి, అన్నారు:

"జాకీ ఎత్తడానికేనండీ. నిలబెట్టడానికి కాదు."

రెండు పక్కలా ఇనుప స్టాండ్లు పెట్టి, బండిని వాటి మీదికి దించి, భుజంతో తోసి కదల్లేదని చూసుకున్నాకే కిందికి దూరనిచ్చారు.

నేను ప్లగ్గుకి పానా తగిలించబోతే మళ్ళీ ఆపారు. "పోసే దారి తెరుచుకుందా?"

"ముందు దించుదాం కదండీ."

"దించేముందు ఎక్కించే దారి చూసుకోవాలి. పైది తుప్పు పట్టి రాలేదనుకోండి, కింద ఖాళీ చేసుకుని ఏం చేస్తారు?"

ఈ ఒక్కమాట మీరు ఏ బండి మీద పని చేసినా గుర్తుపెట్టుకోండి. మా బండికి డిప్‌స్టిక్ ఉంది, నూనె పోసేది కూడా ఆ గొట్టంలోంచే. డిప్‌స్టిక్ సులువుగా వచ్చింది. సన్నమూతి గరాటు అందులో పట్టిందో లేదో చూసుకున్నాం. అప్పుడు ప్లగ్గు దగ్గరికి వెళ్ళాను. డ్రైవరు వైపు ముందు చక్రం పక్కన, గేర్‌బాక్సు అడుగున ఉంటుంది. తలకాయ ఉండదు, మధ్యలో నలుచదరపు కన్నం ఉంటుంది. మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్ నేరుగా అందులో దిగుతుంది. చాలా గట్టిగా ఉంది. రాచెట్ పిడికి ఇనుప గొట్టం తొడిగి, ఇద్దరం కలిసి లాగితే టక్కుమని వదిలింది.

కొత్తనూనె దానిమ్మరసంలా ఉంటుంది. మా బండిలోంచి దిగింది మాత్రం చింతపండు పులుసు. మావయ్యగారు వేలికి అద్దుకుని వాసన చూశారు. "మాడలేదు. ముసలిదైంది, అంతే" అన్నారు.

ఆ ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటుంది. లోపల అరిగిన ఇనుపరజను అంతా దానికే అంటుకుంటుంది. నల్లటి ముద్ద, కాటుకలా. ఆయన దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లగా నలిపారు. మా అమ్మాయి అప్పటికి గరాజు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"ఏం చూస్తున్నావ్ తాతయ్యా?"

"పిండిలా ఉంటే అరుగుదల తల్లీ. ముక్కలు తగిలితే విరుగుదల. అరుగుదలకి మందుంది." చెయ్యి చాపి దాని వేళ్ళకి కొంచెం రాశారు. "పట్టి చూడు."

"పిండే" అంది అది.

తర్వాత తప్పు చేసింది నేను.

దిగిన నూనెని మావయ్యగారు ఖాళీ పాలడబ్బాలో పోసి, ఎంతవరకు వచ్చిందో నల్ల మార్కరుతో గీత గీశారు. కొత్తది కూడా అంతే కొలిచి పోద్దామన్నారు. పోశాం. నేను వెంటనే డిప్‌స్టిక్ పెట్టి చూశాను. కింది గీతకి కూడా అందలేదు. "తక్కువైంది" అన్నాను. "దిగినంత పోశాంగా" అన్నారు. "స్టిక్ చెప్తోంది కదండీ" అన్నాను. "ఒక్కసారి బండి వేడెక్కాక..." అని ఆయనింకా ఏదో అంటున్నారు.

"మావయ్యగారూ, ఇదేం బస్సు కాదు."

అనేశాను. పొద్దున్నుంచి చీటికీ మాటికీ ఆపుతున్న విసుగు అది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. పానా తుడిచి డబ్బాలో పెట్టి, చేతులు రుద్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. నేను ఇంకో ముప్పావు సీసా పోసి, బండి కిందికి దించి, మాన్యువల్ తీశాను. అప్పుడు చదివాను, ముందే చదవాల్సింది. ఈ బండిలో నూనె మట్టం చూడాల్సింది ఇంజను బాగా వేడెక్కి, రేడియేటర్ ఫ్యాను తిరిగాక, ఇంజను ఆపి ఒక నిమిషం నుంచి నిమిషంన్నర లోపల. చల్లటి నూనె ముడుచుకుని ఉంటుంది, వేడికి పొంగుతుంది. అలాగే చేసి చూస్తే నూనె పైగీత దాటి వేలెడు పైకి పోయింది.

తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువైనా ప్రమాదమే. తిరిగే పళ్ళచక్రాలు నూనెని మజ్జిగలా చిలికి నురుగు చేస్తాయి. నురుగులో ఉండేది గాలి, గాలితో ఒత్తిడి రాదు, ఒత్తిడి లేకపోతే క్లచ్చులు పట్టవు. ఏ జబ్బుకి మందు వెయ్యబోయానో అదే తెచ్చిపెట్టుకునేవాణ్ణి.

లోపలికి వెళ్ళాను. ఆయన కిటికీ దగ్గర కూచున్నారు. క్షమించమని చెప్పడం ఇంగ్లీషులో రోజుకి ఇరవైసార్లు చేస్తాను. తెలుగులో మావగారికి ఎలా చెప్పాలో తెలియలేదు.

"మావయ్యగారూ, ఎక్కువైంది. ఎంత దించాలో మీ గీత చూసి చెప్పాలి."

ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. లేచి చెప్పులేసుకున్నారు. "వేడి తగ్గనివ్వండి. ఈలోపు కాఫీ తాగుదాం" అన్నారు.

గంట ఆగి, బండిని మళ్ళీ స్టాండ్ల మీదికెక్కించి, ఎక్కువైనంతా దించాం. ఆయన గీతకి సరిగ్గా వచ్చింది. కొత్త వాషరు పెట్టి 36 ఫుట్-పౌండ్ల దగ్గర టార్క్ రెంచి టిక్కుమనేదాకా బిగించాను. ఆయన ముప్ఫయ్యేళ్ళూ మణికట్టుతోనే బిగించారట. ఆ టిక్కుమనే పరికరం చూసి ముచ్చటపడి, రెండు మూడుసార్లు ఊరికే టిక్కుమనిపించారు. బ్రేకు తొక్కిపెట్టి లీవరుని అన్ని స్థానాల్లోకీ ఒక్కో క్షణం తిప్పి, రోడ్డెక్కాం. రెండో గేరు నుంచి మూడోదానికి మారింది. వణుకు ఉంది కానీ ముందున్నంత లేదు.

"సగం నమ్మకం వచ్చింది" అన్నారాయన.

వెయ్యి మైళ్ళు తిప్పాక, అక్టోబరులో, ఆకులు రాలుతుండగా రెండో విడత చేశాం. ఈసారి నేను స్టిక్ ముట్టుకోలేదు. ప్లగ్గు మా అమ్మాయి విప్పింది. పాతనూనె డబ్బాలు నాలుగూ తీసుకుని మావయ్యగారితో కలిసి కారు సామాన్ల దుకాణానికి వెళ్ళాను. ఇక్కడ చాలా దుకాణాల్లో వాడిన నూనె డబ్బులు తీసుకోకుండా పుచ్చుకుంటారు. మోరీలోనో చెత్తబుట్టలోనో పొయ్యకూడదు. "వాళ్ళు మనకి ఎంతిస్తారు?" అని అడిగారాయన. ఏమీ ఇవ్వరంటే బాధపడ్డారు. మన ఊళ్ళో అయితే దూలాలకి చెద పట్టకుండా పూసుకునేవాళ్ళు, బండి ఇరుసుకి వేసుకునేవాళ్ళు ఉంటారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఫైలు ముందుకు జరిపింది. "నాన్నా, వీసా గడువు దగ్గరపడుతోంది. ఇల్లు కొనేవాళ్ళు కూడా అడుగుతున్నారు. సంతకాలు పెట్టేస్తే మీకిక ఏ బాధా ఉండదు."

ఆయన మజ్జిగన్నం కలుపుకుంటున్నారు. తల ఎత్తకుండానే అన్నారు.

"అమ్మాయ్, కారు విషయంలో నీ మొగుడు ఒప్పుకున్నాడు. పాతబండికి మొత్తం ఒకేసారి తోడేసి కొత్తది పోస్తే తట్టుకోదని. నన్నేంటమ్మా మరి, మిషను పెట్టి కడిగేద్దామనుకుంటున్నావు?"

మా ఆవిడ నావైపు చూసింది. నేను పళ్ళెంలోకి చూశాను.

"మీ అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆ ఇంట్లో దాని పెట్టె కూడా ఇంకా తియ్యలేదు నేను. ఇప్పుడు వెళ్తాను. వచ్చే వేసవికి వస్తాను, నీకు అడ్డు చెప్పను. అప్పటికి ఇంకొంచెం అలవాటవుతుంది. ఆ పైవేసవికి ఇంకొంచెం."

"అక్కడ ఒక్కరూ ఎలా ఉంటారు నాన్నా?" అంది. గొంతు పూడుకుపోయింది. ఆయన ఎడమచేత్తో దాని తల నిమిరారు. ఆ గోళ్ళ సందుల్లో ఇంకా నల్లటి నూనె ఉంది. కాసేపటికి మా ఆవిడ ఫైలు తీసి అలమరలో పెట్టింది. చించెయ్యలేదు, పసుపు ముక్కలు పీకెయ్యలేదు. పెట్టిందంతే.

నవంబరు మొదటివారంలో ఆయన్ని విమానం ఎక్కించాం.

ఇక్కడ ఆగి, ఈ పని ఇంట్లో చెయ్యాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. అన్ని బళ్ళకీ ఇది ఇంత తేలిక కాదు. కొత్తబళ్ళు చాలావాటికి డిప్‌స్టిక్కే లేదు. నూనె ఒక నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు పక్కనున్న బోల్టు విప్పి మట్టం చూడాలి. సీవీటీ అయితే దాని నూనె పూర్తిగా వేరు, అందులో మామూలు ఏటీఎఫ్ పోస్తే గేర్‌బాక్సు పోతుంది. కాబట్టి మీ బండి మాన్యువల్ ముందు చదవండి, నాలాగా తర్వాత కాదు. విప్పేది ఇంజను ఆయిల్ ప్లగ్గా, గేర్‌బాక్సు ప్లగ్గా రెండుసార్లు చూసుకోండి. జీవితాంతం మార్చక్కర్లేని నూనె అని ఎవరైనా అంటే, ఎవరి జీవితమో అడగండి.

మూడో విడత థాంక్స్‌గివింగ్ మర్నాడు చేశాం, నేనూ మా అమ్మాయీ. బయట గడ్డకట్టే చలి. మాకు పొద్దున పది, తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నర. వాట్సాప్‌లో వీడియో పెట్టి ఫోనుని చక్రం పక్కన ఇటుకకి ఆనించాం. వెనకాల ఆయన వంటింట్లో కుక్కరు కూత వినిపించింది.

"స్టాండ్లు పెట్టారా?"

"పెట్టాం తాతయ్యా."

"పైన దారి తెరిచారా?"

"తెరిచాం."

మా అమ్మాయి ప్లగ్గు విప్పింది. ఈసారి దిగిన నూనె నల్లగా లేదు, ఎర్రగానూ లేదు. ముదురు టీ రంగు. అయస్కాంతానికి అంటుకున్నది మొదటిసారి కన్నా బాగా తక్కువ. దాన్ని ఫోను ముందుకి పట్టుకుంది.

"కనపడట్లేదు, లైటు ఇటు తిప్పు. ఆఁ. వేళ్ళతో నలుపు. ముక్కలేమైనా తగులుతున్నాయా?"

చేతికి తొడుక్కున్న గ్లవ్ తీసేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, మెల్లగా నలిపింది. కళ్ళు మూసుకుంది.

"లేదు తాతయ్యా. పిండే."

"అయితే బిగించెయ్. టిక్కుమనేదాకా."

బండి ఇప్పుడు మూడో గేరులోకి మెత్తగా జారుతోంది. బాగా చలిగా ఉన్న రోజు మొదటి మైలులో ఒకసారి సన్నగా వణుకుతుంది. మావయ్యగారికి చెప్తే, ఆ మాత్రం ఉంటుందిలెండి అన్నారు. తొమ్మిది సీసాల్లో చివరిదాంట్లో కొంత మిగిలింది. గరాజు అరలో పెట్టాను. దాని పక్కన ఆయన గీత గీసిన పాలడబ్బా కూడా, వేసవిలో వచ్చి అడుగుతారని.